మేట్రన్ గారి ఆరుగురు

మా సంఘంలో ఏ సమస్య వచ్చినా ముందు కమిటీ కూర్చుంటుంది. కమిటీకి తేలకపోతే సబ్‌కమిటీ వేస్తాం. సబ్‌కమిటీ వాళ్ళు కొట్టుకునేదాకా వస్తే అప్పుడు సంపూర్ణమ్మ గారిని పిలుస్తాం. పాతికేళ్ళుగా సెక్రటరీగా మినిట్స్ పుస్తకం రాస్తున్నవాణ్ణి కాబట్టి ఈ వరస నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మొదటే ఆవిణ్ణి పిలిస్తే సరిపోతుంది కదా అని మీరు అడగొచ్చు. అలా అడిగేవాళ్ళని మేము కమిటీలోకి తీసుకోం.

సంపూర్ణమ్మ గారు మా మిషన్ ఆడపిల్లల బోర్డింగుకి ముప్ఫై ఒక్క ఏళ్ళు మేట్రన్‌గా చేశారు. రామచంద్రపురం నుంచి మండపేట వెళ్ళే బస్సులో మా ఊళ్ళో దిగే ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ కాచిన నూకల జావ తాగి, ఆవిడ చేత పేలు దువ్వించుకుని పెద్దయినవాళ్ళే. మనిషి పొట్టి. తెల్ల వాయిలు చీర, మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకున్న వాచీ, ఎండకీ వానకీ ఒకటే నల్ల గొడుగు. ఒకసారి ఎమ్మార్వో గారు బోర్డింగు తనిఖీకి వచ్చారు. వరసలో నిలబెట్టిన పిల్లల గోళ్ళు చూసుకుంటూ వస్తున్న ఆవిడ ఆయన ముందు కూడా ఆగి, "చేతులు" అన్నారు. ఆయన చాపారు. ఎడమచేతి చిటికెన వేలి గోరు పెంచుకున్నారు పాపం. అది తీయించుకున్నాకే తనిఖీ మొదలైంది.

రిటైరయ్యాక చర్చి వెనకాల ఒంటి గదిలో ఉండేవారు. నేను చెప్పబోయేది 2004 వేసవి సంగతి. అప్పటికి ఆవిడకి అరవై ఎనిమిది.

మా చర్చి ప్రహరీకి రోడ్డువైపు ఐదు కొట్టు గదులున్నాయి. అందులో మూడోది క్రిస్టినా నడిపే నెట్ సెంటరు. మండపేటలో ఒక రైసుమిల్లు ఆఫీసులో ఏడేళ్ళు కంప్యూటరు మీద పనిచేసి, ఒక్కటొక్కటిగా ఆరు కంప్యూటర్లు కూడబెట్టుకుని ఆ గదిలో పెట్టుకుంది. మా ఊళ్ళో ఫోను లైనూ, సరైన కరెంటూ రెండూ ఉన్న గది అదొక్కటే. అది పోతే ఆ కంప్యూటర్లు ఇంట్లో మంచం కింద పెట్టుకోవాల్సిందే. ఎంసెట్ రిజల్ట్సు వచ్చిన రోజున కమిటీ పెద్దలందరూ అక్కడే ఉండేవాళ్ళు, "చూడమ్మా క్రిస్టినా, మావాడిది ముందు చూడు" అంటూ. మిగతా రోజుల్లో మాత్రం ఆ సెంటరు వాళ్ళ కళ్ళలో నలుసు.

ఆ వేసవిలో రాజమండ్రి నుంచి ఒక కొత్త ఆట సీడీ వచ్చింది. దాని ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరక్క, పిల్లలు దానికి 'బాంబుల తర్వాత' అని పేరు పెట్టేసుకున్నారు. ఆదివారం సండే స్కూలుకి వచ్చే మగపిల్లల సంఖ్య ఇరవై ఆరు నుంచి నాలుగుకి పడిపోయింది. ఆ నలుగురూ కూడా సెంటర్లో చోటు దొరకనివాళ్ళే.

అప్పుడొచ్చింది ఆకాశరామన్న ఉత్తరం. క్రైస్తవ సంఘం కాబట్టి కింద 'సంఘ క్షేమం కోరే ఒక విశ్వాసి' అని ఉంది. పిల్లలు లోకాంతం ఆట ఆడి చెడిపోతున్నారనీ, ఆ గది వెంటనే ఖాళీ చేయించాలనీ దాని సారాంశం. ఉత్తరం నాకు బుధవారం అందింది. "ఏదో ఉత్తరం వచ్చిందట కదా" అని మా ట్రెజరర్ రాజరత్నం గారు నన్ను మంగళవారమే అడిగారు. ఆయన బావమరిది సెల్‌ఫోన్ల కొట్టు పెట్టడానికి రోడ్డువైపు గది కోసం చూస్తున్నాడని ఊరంతటికీ తెలుసు. రాజరత్నం గారికి తెలుసునన్న సంగతి మాత్రం మినిట్స్‌లో ఎక్కడా లేదు.

కమిటీ కూర్చుంది. పాస్టరు గారు శాస్త్రప్రకారం మాట్లాడారు. "ప్రపంచాంతం ఒక్కసారేనండి. అది అయ్యాక తుపాకులు పట్టుకుని తిరగడానికి మనుషులు మిగలరు. మిగిలారూ అంటే అది అంతం కాదు. కాబట్టి ఈ ఆట పేరే తప్పు," అన్నారు. రాజరత్నం గారు నెల రోజుల నోటీసు రాసి జేబులో పెట్టుకునే వచ్చారు. నాకు క్రిస్టినా అంటే జాలి ఉంది కానీ, ఆయన్ని ఎదిరించే ధైర్యం లేదు. ఇలాంటప్పుడు నాలాంటివాళ్ళు ఏం చేస్తారో అదే చేశాను. విచారణ పెడదామన్నాను. విచారణ అంటే మా కమిటీలో ఎవరూ కాదనరు, ఆ పూటకి ఇంటికెళ్ళొచ్చు.

సబ్‌కమిటీ వేసే ఓపిక ఎవరికీ లేక పని నేరుగా సంపూర్ణమ్మ గారికే వెళ్ళింది. ఆవిడ మూడు రోజులు ఆ ఆట చూసి తొలి అభిప్రాయం రాసివ్వాలి. చెడ్డదని రాస్తే క్రిస్టినా గది ఖాళీ చెయ్యాలి. అలా తీర్మానమైంది. నేను వెళ్ళి చెబితే ఆవిడ తలూపి, "ఎన్నింటికి రమ్మంటారు?" అని మాత్రం అడిగారు.

సోమవారం పది గంటలకి గొడుగు మూసుకుని సెంటర్లోకి వచ్చారు. కమిటీ తరఫున సాక్షిగా నేను వెంట ఉన్నాను. లోపలున్న పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కడు కూడా ఆవిడ బోర్డింగులో చదవలేదు. వాళ్ళ అమ్మలు చదివారు.

"వందనాలండి అమ్మగారూ," అంది క్రిస్టినా కుర్చీ తుడిచి వేస్తూ. "బాంబులు పడి లోకమంతా బూడిదైపోయిందండి. నేలకింద గదిలో దాక్కున్న ఆరుగురు మిగిలారండి. అక్కడి బావి అడుగంటిపోతోందండి. వాళ్ళకి నీళ్ళున్న చోటు వెతికిపెట్టాలండి. ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి, ఎవరు ఏం మొయ్యాలి అన్నీ మనమే చెప్పాలండి."

"అంటే బోర్డింగే," అన్నారు సంపూర్ణమ్మ గారు కుర్చీ ముందుకి లాక్కుని.

మొదట ఆ ఆరుగురికీ పేర్లు పెట్టాలట. ఆవిడ ఒక్క వేలితో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. జ్ఞానమ్మ. సత్యకుమారి. మరిడమ్మ. పాపాయి. వెంకటదుర్గ. ఐదు పేర్లకి ఇరవై నిమిషాలు పట్టింది. ఆరోదాని దగ్గర వేలు ఆగిపోయింది.

"నా పేరు పెట్టమంటారా అమ్మగారూ?" అని మెల్లిగా అడిగింది క్రిస్టినా.

ఆవిడ తల తిప్పి దాని మొహంలోకి చూశారు. "పెట్టు," అన్నారు.

నేను పట్టించుకోలేదు. ఏవో గుర్తొచ్చిన పేర్లు అనుకున్నాను.

ఆట చేసినవాళ్ళకి ఆడవాళ్ళ మీద పెద్దగా నమ్మకం లేనట్టుంది. ఆరు మొహాల్లో రెండే ఆడ మొహాలు ఇచ్చారు. దాంతో జ్ఞానమ్మకి గడ్డం వచ్చింది, మరిడమ్మకి ఒక కంటి మీద నల్ల గుడ్డ. "దాని కంటికేమైంది?" అని అడిగారు ఆవిడ. బొమ్మ అంతేనండి అంటే, "చూపించకుండా వదిలేస్తే ఇలాగే అవుతుంది," అన్నారు. తర్వాత బలం, గురి, మాటకారితనం, అదృష్టం అని ఒక్కొక్కరికీ మార్కులు పంచాలి. ఆవిడ అందరికీ అన్నీ సమానంగా పంచారు. అలా చేస్తే ఎవరూ దేనిలోనూ గట్టివాళ్ళు కారని వెనక నిలబడ్డ పిల్లలు గోల పెట్టారు. "ఒకదానికి ఎక్కువేస్తే రెండోది ఏడవదూ?" అన్నారావిడ.

ఆ రోజంతా ఆరుగురూ నేలమాళిగ గుమ్మం దాటలేదు. ఎవరి మూట ఎంత బరువుందో చూసి సర్దారు. తుపాకులన్నీ ఒక పెట్టెలో పెట్టించారు. ప్రతి అరగంటకీ ఆరు పేర్లూ చదివి, ఆరు బొమ్మలూ ఉన్నాయో లేదో వేలు పెట్టి లెక్క చూసుకున్నారు. సాయంత్రం నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నారు: 'రంగు అంతా మట్టి రంగు. చెట్టు లేదు, కాలువ లేదు, వంటగది లేదు. మరుగుదొడ్డి ఎక్కడా చూపించలేదు. లోకం అంతమైతే ముందు పోయేవి ఇవే కాబోలు.'

రెండో రోజు దొంగలు వచ్చారు. ఈ ఆటలో పోట్లాట ఒక పద్ధతిగా జరుగుతుంది. మనం ఒకటి కొడితే వాళ్ళు ఒకటి కొట్టాలి. మన వంతు అయ్యేదాకా వాళ్ళు కత్తులెత్తుకుని కదలకుండా నిలబడి ఉంటారు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకునేదాకా ఐదుగురు దొంగలూ అలాగే నిలబడ్డారు.

"మంచి క్రమశిక్షణ. కమిటీ మీటింగుల్లో కూడా ఇది లేదు," అన్నారావిడ నాకేసి చూసి.

తుపాకీ తియ్యండి, కాల్చండి అని పిల్లలు ఒకటే కేకలు. ఆవిడ తెర కింద ఉన్న బొత్తాలన్నీ క్రిస్టినా చేత చదివించుకుని, 'ఇవ్వు' అన్నదాని మీద నొక్కారు. దొంగలకి మూడు రొట్టెలు, రెండు సీసాల నీళ్ళు ఇచ్చారు. దొంగలు తిని వెళ్ళిపోయారు. పిల్లలు నోరు వెళ్ళబెట్టారు. ఆ ఆట అలా కూడా ఆడొచ్చని వాళ్ళకి తెలియదట.

"ఇంటికొచ్చినవాడికి తిండి పెట్టకుండా కాలుస్తారేంట్రా?" అన్నారావిడ.

ఇంగ్లీషువాడు ఎవడో ఎక్కడో కూర్చుని చేసిన ఆట అది. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి తిన్నావా అని అడగకుండా పంపడం మావాళ్ళకి రాదన్న సంగతి వాడికి తెలిసే వీల్లేదు. మధ్యాహ్నానికి అవే ఐదుగురు దొంగలు ఇంకో ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వచ్చారు. పదమూడు మందికీ పెట్టారు. సాయంత్రం మళ్ళీ వచ్చారు. మళ్ళీ పెట్టారు. "ఇంక చాలండి అమ్మగారూ, మనవాళ్ళకి ఉండవు," అని క్రిస్టినా బతిమాలితే, "రేపటి సంగతి రేపు చూద్దాంలే," అన్నారు.

ఆ రేపు బుధవారం. విచారణ చివరి రోజు కాబట్టి పాస్టరు గారూ, రాజరత్నం గారూ, కమిటీలో ఇంకో ముగ్గురు పెద్దలూ కూడా సెంటరుకి వచ్చారు. మొదట గుమ్మం దగ్గర నిలబడ్డారు. పది నిమిషాల్లో పిల్లల్ని పక్కకి నెట్టి కుర్చీ వెనక్కి చేరారు. ఇంకో పది నిమిషాల్లో రాజరత్నం గారు తెర మీద వేలు పెట్టి, "అటు కాదండి, ఆ గుట్ట వెనకనుంచి వెళ్ళండి," అని దారి చెప్తున్నారు. "అసలు కాలువ లేని ఊరేంటండీ, ఏ ఇంజనీరు కట్టాడండీ?" అని కోప్పడ్డారు కూడా.

ఆరుగురూ నడిచి నడిచి ఒక ఉప్పు నేల అంచుకి చేరారు. అక్కడ తెర మీద ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. నేను చదివి చెప్పాను. ఈ నేల దాటడానికి నాలుగు రోజులు పడుతుంది. అవతల నీళ్ళున్నాయి. మీ దగ్గర ఉన్నది ఐదుగురికే సరిపోతుంది. ఒకరి పేరు తీసెయ్యండి.

కింద ఆరు పేర్లు, ఆరు మొహాలు.

దొంగలకి పెట్టిన రొట్టెలూ నీళ్ళూ అక్కడ తగిలాయన్నమాట. సంపూర్ణమ్మ గారు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"వెనక్కి వెళ్ళి ఇంకో దారేదైనా ఉందేమో చూడండి మామ్మగారూ," అన్నాడు పిల్లల్లో ఒకడు. మిగతావాళ్ళూ అదే అన్నారు. పెద్దలు వాళ్ళ నోళ్ళు మూయించారు.

"ఆ పాపాయికి ఒంట్లో బాగోలేదని చూపిస్తోంది కదండీ. జబ్బు మనిషి ఎలాగూ దాటలేదు. దాన్ని తీసెయ్యండి," అన్నారు పాస్టరు గారు దయగా.

"కాదండి, వెంకటదుర్గ. అందరికంటే తిండి ఎక్కువ తింటోంది చూడండి," అన్నారు రాజరత్నం గారు.

ఇంకో పెద్దమనిషి సత్యకుమారి అన్నారు. ఆమెకి గురి కుదరడం లేదట, ఉండీ ప్రయోజనం లేదట. "క్రిస్టినా అయితే అందరికంటే చిన్నది కదండీ, ఎవరో ఒకరు చేరదీస్తారులెండి," అన్నారు మరొకరు, ఆ పేరు గల మనిషి పక్కనే నిలబడి ఉందన్న సంగతి మర్చిపోయి. నేనూ ఊరుకోలేదు. లెక్క నాకు బాగా వచ్చని చూపించుకోవాలిగా. "పాస్టరు గారు చెప్పినట్టు పాపాయినే తీసేస్తే మిగతావాళ్ళకి ఒక సీసా మిగులుతుందండి కూడా," అన్నాను. ఆ గదిలో నలభై ఏళ్ళు దాటిన ప్రతి మగవాడికీ ఒక అభిప్రాయం ఉంది, ఏ ఒక్కరికీ తటపటాయింపు లేదు.

సంపూర్ణమ్మ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అప్పుడూ ఇవే మాటలు," అన్నారు. "గొంతులు కూడా ఇవే."

ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం పాత మినిట్స్ పుస్తకం గుర్తొచ్చింది.

"ఎనభై నాలుగులో పైనుంచి వచ్చే సాయం తగ్గిందన్నారు. ఎనభై మంది పిల్లల్లో ఇరవై మందిని ఇంటికి పంపెయ్యమని నా చేతికి కాగితం ఇచ్చారు. జబ్బుదాన్ని తీసెయ్యండి అన్నారొకరు. తిండి ఎక్కువ తినేదాన్ని అన్నారొకరు. లెక్కల్లో తప్పినదాన్ని అన్నారొకరు. చివరికి పేర్లు నేనే చెప్పాను. సంతకమూ నేనే పెట్టాను. జ్ఞానమ్మ, సత్యకుమారి, మరిడమ్మ, పాపాయి, వెంకటదుర్గ..." అని ఆగి పక్కనున్న క్రిస్టినా కేసి చూశారు. "ఇది ఎనిమిదో తరగతి. దీనికి అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు కదా, ఎలాగోలా చదివిస్తారులే అనుకుని దీని పేరు చెప్పాను. వాళ్ళ నాన్న ఆ మర్నాడే దీన్ని ఊడ్పుల్లోకి దింపాడు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని గేటు దగ్గర ఇది నాకు వందనాలండి అని చెప్పి మరీ వెళ్ళింది."

క్రిస్టినా ఏడవలేదు. కీబోర్డు మీద కప్పే ప్లాస్టిక్ కవరు తీసి అంచులు సవరిస్తూ నిలబడింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం చర్చి గుమ్మంలో ఆ పిల్ల నాకు కూడా వందనాలండి అని చెప్తూనే ఉంది. ఆ ఇరవై పేర్లూ మినిట్స్ పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసింది నేను. అప్పటికి సెక్రటరీగా కొత్త. నీ దస్తూరీ ముచ్చటగా ఉందని రాజరత్నం గారు మెచ్చుకుంటే వారం రోజులు సంబరపడ్డాను. ఆ మెప్పు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. కంప్యూటరు వెనకాల దాక్కుందామనిపించింది.

"వెనక్కి తిప్పమ్మా," అన్నారు సంపూర్ణమ్మ గారు. "బయలుదేరిన చోట బావి ఉందిగా. అందరం అక్కడికే పోదాం."

"అలా చేస్తే ఆట ఓడిపోతామండి," అంది క్రిస్టినా.

"ఓడిపోదాం."

ఆరు బొమ్మలూ వెనక్కి నడిచి నేలమాళిగ గుమ్మం చేరాయి. మీరు ఓడిపోయారని పెద్ద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆవిడ వేలు పెట్టి లెక్క చూసుకున్నారు. ఆరూ ఉన్నాయి. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. రాజరత్నం గారి జేబులో నోటీసు అలాగే ఉంది. ఆట గురించి మేట్రన్ గారే అంత బాధపడ్డారంటే అది చెడ్డదనేగా అర్థం అని ఆయన మూడు రోజులుగా అందరి చెవిలోనూ వేస్తున్నారు. క్రిస్టినా బయట అరుగు మీద కూర్చుంది. సంపూర్ణమ్మ గారు నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం విప్పి చదివారు.

"'బాంబుల తర్వాత' అనే ఆటని మూడు రోజులు చూశాను. ఇవి తొలి అభిప్రాయాలు మాత్రమే. బొమ్మలు బాగున్నాయి. మట్టి రంగు ఎక్కువ. దొంగలకి క్రమశిక్షణ ఉంది, ఆకలీ ఉంది. పిల్లలు ఈ ఆట వల్ల చెడిపోతారని నాకు అనిపించలేదు. ఒకరిని వదిలెయ్యమని ఆట అడిగినప్పుడు నా వెనక నిలబడ్డ పిల్లల్లో ఒక్కడు కూడా పేరు చెప్పలేదు, ఇంకో దారి వెతకమన్నారు. ఆదివారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా సెంటరు మూసి ఉంచాలి. కమిటీ పెద్దల్ని మాత్రం ఈ ఆట దగ్గరికి రానివ్వకూడదు. వాళ్ళకిది మరీ సులువుగా వచ్చేస్తోంది. మూడో నంబరు గది విషయంలో నన్ను ఏ కాగితం మీదా సంతకం అడగొద్దు. ఒకసారి క్రిస్టినా పేరు తీసేశాను. మళ్ళీ తియ్యను."

రాజరత్నం గారు ఫ్యాను కేసి చూశారు. పాస్టరు గారు గొంతు సవరించుకుని, ముగింపు ప్రార్థన ఎవరు చేస్తారని అడిగారు. నోటీసు సంగతి ఎవరూ ఎత్తలేదు. గది క్రిస్టినాదేనని అలా తేలిపోయింది.

నేను మినిట్స్ పుస్తకం తెరిచి, 'సదరు ఆటపై అభ్యంతరం లేదని మేట్రన్ గారు తెలియజేశారు' అని మొదలుపెట్టాను. నా అలవాటు అది, ఎవరినీ నొప్పించకుండా రాయడం. సంపూర్ణమ్మ గారు వచ్చి పేజీ మీద చెయ్యి పెట్టారు.

"అలా కాదు విజయ్ పాలూ. నేను రాసింది రాసినట్టు ఎక్కించు. పోయినసారి ఇరవై పేర్లూ ఒక్క అక్షరం పోకుండా ఎక్కించావుగా."

ఎక్కించాను.